ఎవరి మీదికొచ్చింది?

టేకులపల్లిలో మా ఇంటికీ టెలిఫోన్ ఎక్స్ఛేంజికీ మధ్య ఒక ప్రహరీ గోడ, రెండు నేరేడు చెట్లు, అంతే. అమ్మ పేరు విశ్రాంతమ్మ, ఊళ్లో సర్కారు దవాఖానాలో నర్సు. నేను ఎక్స్ఛేంజిలో కాంట్రాక్టు మీద వైర్లు లాగే పని చేసేవాణ్ణి. నా పేరు బెన్నీ. నేను చెప్పబోయేది 2008 ఆగస్టులో జరిగింది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఊళ్లో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు మొత్తం పదకొండు ఉంటే అందులో తొమ్మిది నా చేత్తో లాగినవే. ఎవరింట్లో ఇంటర్నెట్ ఎందుకు సరిగ్గా నడవదో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

నాకు ఇద్దరు దోస్తులు. ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు ఒకే గదిలో ఉన్నాం. ఒకడు పవన్, వాళ్లది వైరా, ఎరువుల దుకాణం ఉంది. రెండోవాడు హరిలాల్. వాడిది మా ఊరే, కానీ ఊరికి రెండున్నర కిలోమీటర్ల అవతల, తండా దాటాక, అడవిని ఆనుకుని కట్టిన కొత్త ఇల్లు. వాళ్ల నాన్న మోతీలాల్ సారు బడిలో పాఠాలు చెబుతారు. తల్లి లేదు, నాయనమ్మ సోమ్లి పెంచింది. ముగ్గురం తలా ఒకటి, టీవీకి తగిలించే ఆటల పెట్టె సంపాదించాం. ప్రతి ఆదివారం నేను చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక, ఎవరి ఇంట్లో వాళ్లం టీవీ ముందు కూర్చుని, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, తుపాకుల ఆట ఆడేవాళ్లం. మాకు సినిమా, షికారు, క్రికెట్టు అన్నీ అదే.

ఇలాంటి ఆటలు ఎక్కడో ఒక పెద్ద కంప్యూటర్లో నడుస్తాయనుకుంటారు చాలామంది. మేము ఆడేది అలా కాదు. ఆడుతున్న వాళ్ల పెట్టెల్లో ఒకదాన్ని ఆటే ఎంచుకుంటుంది. ఎవరి లైను బాగుంటే వాళ్లది. ఆ పెట్టెను హోస్ట్ అంటారు. ఆట మొత్తం దాని లోపల జరుగుతుంది. మిగతావాళ్లకు ఆ కబురు తీగ మీద రావాలి, అందుకని కొంచెం ఆలస్యంగా అందుతుంది. హోస్ట్ మధ్యలో వెళ్లిపోతే టీవీలో బొమ్మ ఆగిపోయి, కొత్త హోస్ట్‌ను ఎంచుకుంటున్నట్టు ఒక వాక్యం కనబడుతుంది. అప్పుడు మేము ఒకరినొకరం అడిగేది ఒకటే మాట. ఎవరి మీదికొచ్చింది రా? నా మీదికొచ్చింది. మా వైపు అమ్మవారు పూనినప్పుడు అనే మాటే అది, మా నోటికి అలా అలవాటైపోయింది. అమ్మ మొదటిసారి విన్నప్పుడు పిండి చేతులతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నేను ఎంత చెప్పినా నమ్మలేదు. పాస్టరు గారిని పిలిపించి నా నెత్తి మీద చెయ్యి పెట్టించి ప్రార్థన చేయిస్తే గానీ ఆ రాత్రి అన్నం పెట్టలేదు.

ఎప్పుడూ నా మీదికే వచ్చేది. ఎక్స్ఛేంజి గోడ పక్కన ఉన్నవాడి లైనును ఎవరు కొడతారు? హరిలాల్ లైను మాత్రం ఘోరం. టేకు చెట్ల మధ్య నుంచి వెళ్లే ఆ వైరుకు మూడు అతుకులు, వాన పడితే మూడింట్లోకీ నీళ్లు దిగుతాయి. వాడు గోడ చాటుకు దూరి దాక్కుని కూడా నా చేతిలో చచ్చేవాడు.

"నేను గోడెనక ఉన్న గదరా, ఎట్ల సచ్చిన?" అని మొత్తుకునేవాడు.

"నీ టీవీల ఉన్నవ్. నా టీవీల నువ్వింకా రోడ్డు మీదనే ఉన్నవ్. నా దగ్గర సచ్చినవంటే సచ్చినట్టే, నీకు తెల్వడానికి టైం పడుతది," అనేవాణ్ణి.

ఆ మాట అనడంలో నాకెంత సుఖం ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. చదువులో వాడు నాకంటే మేలు, మంచితనంలో అయితే అసలు పోలికే లేదు. వాడిని ఓడించడానికి నాకు దొరికింది ఆ ఒక్క తీగే.

ఆ ఆదివారం నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉంది. మధ్యాహ్నం మూడింటికే లైటు వేసుకోవలసినంత చీకటి. కిటికీలోంచి కుళ్లిన ఆకుల వాసన, తడిసిన సున్నం వాసన. దవాఖానాలో జ్వరాల వాళ్లు నిండిపోయారని అమ్మ చర్చి నుంచి అటే డ్యూటీకి వెళ్లింది. ఇంట్లో నేనొక్కణ్ణే. పవన్ రెండింటికి ఆటలోకి వచ్చి, ఉన్నాన్రా అని ఒక మాట అని, తర్వాత నోరు విప్పలేదు. వాడు ఎప్పుడూ తక్కువ మాట్లాడే రకం, అందుకని నేను పట్టించుకోలేదు.

హరిలాల్ ఆ పూట వరసగా పదకొండుసార్లు చచ్చాడు. పన్నెండోసారి వాడికి తిక్కరేగింది. మా అవ్వ చేసినట్టు చేస్తా చూడు, హోస్ట్ నా మీదికి ఎందుకు రాదో చూస్తా అన్నాడు. ప్రతి ఏడూ తండా పండుగలో సోమ్లి మీదికి అమ్మవారు వస్తుంది. ఆమె వణుకుతూ ఊగుతుంటే జనం ముందుకొచ్చి తమ కష్టాలు అడుగుతారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు కదా, అచ్చం అలాగే మొదలుపెట్టాడు. బల్ల మీద డప్పులా దరువు వేస్తూ గొంతు మార్చాడు.

"నా మీదికి రా. నా మీదికి రా. ఎవరివైతే నాకేంది, రా."

నాకు నవ్వాగలేదు. అంతలో హెడ్‌సెట్‌లో ఫట్‌మని దెబ్బ వినబడింది. సోమ్లి వాణ్ణి వీపు మీద చరిచినట్టుంది. ఆమె వాళ్ల భాషలో మొదలుపెట్టి, మనవడు నవ్వుతుంటే తెలుగులోకి దిగింది.

"ఎవరిని పిలిచినవ్ రా? పేరేది?"

పేరు లేదు, ఊరికే కంప్యూటర్ను పిలిచానన్నాడు వాడు. ఆమె గొంతు తగ్గించింది. ఇంచుమించు గుసగుస.

"పేరు పెట్టి పిలిస్తే ఆ పేరుగల్లదే వస్తది. చూస్కొని పోతది. పేరు లేకుంట పిలిస్తే వచ్చింది ఊకె పోదు బేటా. ఒక పేరు తీస్కొని పోతది."

ఆమె చెప్పులు ఈడ్చుకుంటూ గది బయటికి వెళ్లిన చప్పుడు వినబడింది. నేను ఏదో వెటకారం ఆడబోయాను. అప్పుడే టీవీలో బొమ్మ ఆగిపోయింది. నేను ఆటలోనే ఉన్నాను, ఎక్కడికీ పోలేదు. అయినా కొత్త హోస్ట్‌ను ఎంచుకుంటున్నట్టు వాక్యం వచ్చింది.

"నా మీదికొచ్చింది రా, బెన్నీ. నా మీదికొచ్చింది," అన్నాడు హరిలాల్. చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు.

పేర్ల పట్టిక చూశాను. లైను ఎంత బాగుందో చెప్పడానికి ప్రతి పేరు పక్కనా గీతలుంటాయి. హరిలాల్ పక్కన నాలుగు గీతలూ పచ్చగా ఉన్నాయి. నాలుగు రోజుల వానలో, ఆ మూడు అతుకుల మీద, నాలుగు పచ్చ గీతలా? ఆ లైను లాగింది నేను. అది జరగదు. పవన్ పేరు కింద ఇంకో వరస కూడా ఉంది. దానికి పేరు లేదు, గీతలు లేవు. ఖాళీగా ఉంది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. భయపడలేదు, అనుమానించలేదు, అసూయపడ్డాను. లైను కావాలని నెమ్మది చేసుకుంటే మన సైనికుడు ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతాడు, ఎదుటివాడు గురి పెట్టలేడు. ఆడేవాళ్లందరికీ తెలిసిన దొంగతనమే ఇది. పక్కనున్న కంప్యూటర్లో ఒక పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెట్టాను. నా గీతలు ఎర్రబడ్డాయి. ఇప్పుడు కాల్చరా చూస్తాను అనుకున్నాను.

కాసేపు మామూలుగానే ఆడాం. వాడు నవ్వుతున్నాడు, నేను తిడుతున్నాను. ఆ తర్వాత వాడి సైనికుడు నడిరోడ్డు మీద ఆగిపోయాడు.

ఎదురుగా నిలబడి కాల్చాను. పడలేదు. తుపాకి కింద పడేసి కత్తి తీశాడు. మెల్లగా ఎడమ చెయ్యి ముందుకు చాపాడు. కుడి చేత్తో ఆ చేతిని మోచేతి నుంచి మణికట్టు దాకా చీల్చాడు. ఆ ఆటలో అలాంటిది లేదు. ఏడాదికి పైగా ఆడాను, అలా చెయ్యడానికి బటనే లేదు.

హెడ్‌సెట్‌లో వాన చప్పుడు. వాడి ఊపిరి. ఏదో చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతున్న చప్పుడు.

"బెన్నీ… నా చెయ్యి నా మాట ఇంటలేదు రా."

ఏంది రా, పెట్టె ఆపెయ్ అన్నాను.

"కిటికీల అవ్వ కొడవలి ఉండె… చెయ్యే పోయి తీసుకున్నది… నేను తియ్యలే…"

మళ్లీ ఆ చప్పుడు. తడి గుడ్డను బలంగా చింపినట్టు. వాడు అరవలేదు. పళ్లు బిగబట్టి మూలిగాడు. టీవీలో సైనికుడి చెయ్యి తొడ మీదికి దిగింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి ఎముకకు తగిలి ఆగింది. ఆ చప్పుడు టీవీలో రాలేదు, హెడ్‌సెట్‌లో వచ్చింది.

"అవ్వ మీదికి పోతున్నది చెయ్యి… తలుపు గొళ్లెం పెట్టిన… ఎడమ చేత్తోని పెట్టిన…"

తలుపు మీద బాదుతున్న చప్పుడు. అవతల నుంచి సోమ్లి ఏడుపు. అందులోంచి మాటలు తేలి వస్తున్నాయి. ఏదో ఒక పేరు చెప్పు బేటా. పేరిస్తే నిన్ను ఇడుస్తది. ఆ పేరుగల్లోని మీదికి పోతది చెయ్యి, నీ మీదికి రాదు. పవన్ అను. బెన్నీ అను…

ఆమె నోట నా పేరు కూడా వచ్చింది. వాడు చెప్పేస్తాడనుకున్నాను. వాడి చోట నేనుంటే చెప్పేసేవాణ్ణి కదా, అందుకని.

"చెప్ప," అన్నాడు హరిలాల్. "నా దోస్తులవ్వా. చెప్ప."

మళ్లీ కొడవలి. ఈసారి అరిచాడు. హెడ్‌సెట్ పగిలిపోతుందనిపించింది. నేనూ అరిచాను, నువ్వు నా పేరు చెప్పు రా, పర్లేదు అని మాత్రం అరవలేదు. వస్తున్నా ఆగు, ఆగు అని అరిచాను. కానీ కుర్చీలోంచి లేవలేదు.

"బెన్నీ… మీ అమ్మను పంపు రా… జల్దీ…"

అప్పుడు కదిలాను. మా ఫోను, ఇంటర్నెట్ ఒకే తీగ మీద వస్తాయి, ఒకటి నడుస్తుంటే రెండోది ఆగదు. ఒక చెవికి హెడ్‌సెట్ ఉండగానే రెండో చెవికి రిసీవర్ పెట్టుకుని దవాఖానాకు కొట్టాను. అమ్మే ఎత్తింది. అమ్మా, హరిలాల్ ఇంటికి పో, సూదులు మందులు పట్టుకుని జల్దీ పో అన్నాను.

"నీకెవరు చెప్పిన్రు నాన్నా," అంది. "మోతీలాల్ సారు బండి మీద తెచ్చిండు. మూడున్నరకు. నేనే చూసిన. అప్పటికే పానం పోయింది."

"ఎవరికి?"

"హరిలాల్‌కు. వొళ్లంత కోతలే. ఆ కొడవలి వాని చేతిలనే ఉండె బెన్నీ. వేళ్లు ఇడిపియ్యనీకి నలుగురు పట్టిన్రు."

గోడ గడియారం చూశాను. నాలుగుంబావు. హోస్ట్ హరిలాల్ మీదికి పోయి మహా అయితే పావుగంట అయిందనుకుంటున్నాను నేను. బయట ముసురు ఒకేలా ఉంది, వెలుతురు మారలేదు, టైం చూసుకోవాలని తోచలేదు.

రెండో చెవిలో హరిలాల్ అడుగుతున్నాడు.

"బెన్నీ… ఉన్నవా?"

రిసీవర్ పెట్టేశాను. అప్పుడు అర్థమైంది. వాడు ఇంతసేపు నాకు జవాబు చెప్పలేదు. నేను అడిగిందీ వాడు చెప్పిందీ ఒకదానికొకటి అతుక్కున్నాయి, అంతే. వాడికి నా మాట అందలేదు. వాడి మాట నాకు గంట ఆలస్యంగా అందుతున్నది. డౌన్‌లోడ్ పెడితే మహా అయితే రెండు సెకన్లు ఆలస్యమవుతుంది, ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా పెట్టింది నేను. నా లైను శుభ్రంగా ఉండి ఉంటే మూడుంబావుకే వాడి కేక వినేవాణ్ణి. దవాఖానా నుంచి వాడింటికి బండి మీద అయిదు నిమిషాలు.

వాడు చచ్చిపోయి ముప్పావుగంట అయింది. నేను కూర్చుని వాడు చావడం విన్నాను. హెడ్‌సెట్ తియ్యాలనిపించలేదు. వాడికి తోడుగా ఎవరైనా ఉండాలి కదా అనుకున్నాను, ఎంత పిచ్చి మాట. సోమ్లి తలుపు అవతల నుంచి ఒక్కో పేరే అందిస్తున్నది. ఊళ్లో పగవాళ్ల పేర్లు, ఎన్నడో పోయిన వాళ్ల పేర్లు, చివరికి తన పేరు. నా పేరన్నా చెప్పు బేటా అంది. వాడు ప్రతిదానికీ చెప్ప అన్నాడు. ఆ మాట చిన్నదవుతూ, తడిదవుతూ వచ్చింది. చివరిసారి గొంతులోంచి కాక, గొంతు మీది కోతలోంచి వచ్చింది.

తర్వాత వాన చప్పుడు ఒక్కటే.

టీవీలో బొమ్మ ఆగింది. కొత్త హోస్ట్‌ను ఎంచుకుంటున్నది.

పట్టికలో హరిలాల్ పేరు పోయింది. నా పేరు, పవన్ పేరు, కింద ఖాళీ వరస. నా గీతలు ఎర్రగా ఉన్నాయి, పవన్‌వి పసుపు. డౌన్‌లోడ్ ఇంకా నడుస్తున్నది. లైను బాగున్నవాడి మీదికే వస్తుంది. నావి ఎర్రవి. నావి ఎర్రవి అని పదిసార్లు అనుకున్నాను. పవన్ మీదికి పోవాలని దేవుణ్ణి అడిగాను. పొద్దున చర్చిలో పాట పాడిన నోటితోనే అడిగాను.

నా గీతలు ఒక్కొక్కటిగా పచ్చబడ్డాయి. నాలుగూ.

గదిలోకి పచ్చి మాంసం వాసన వచ్చింది. టీవీలో ఆట పోయి, పేరు కొట్టే చిన్న పెట్టె తెరుచుకుంది. ఖాళీ గడి. అందులో నిలువు గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది… ఎవరో ఏదో రాస్తారని చూస్తున్నట్టు.

నా కుడి చెయ్యి లేచింది.

నేను లేపలేదు. కంట్రోలర్ పట్టుకుని ఉన్న చెయ్యి నా మొహం మీదికి వచ్చింది. మొదటి దెబ్బకు పెదవి చీలింది. రెండో దెబ్బకు ముందు పళ్లు రెండు నాలుక మీద పడ్డాయి. ఎడమ చేత్తో పట్టుకుని ఆపబోయాను. నా బలమంతా పెట్టినా కుడి చెయ్యి నా భుజానికి తగిలించిన వేరే ఎవరిదో చెయ్యిలా ఉంది. అది కంట్రోలర్‌ను వదిలేసి బల్ల మీద వెతికింది. నా కటింగ్ ప్లేయర్ దొరికింది. రోజూ రాగి తీగలు తెంపే ప్లేయర్ అది, పదును నేనే పెట్టుకుంటాను. ఎడమ చేతిని బల్లకేసి నొక్కి చిటికెన వేలును దాని నోట్లో పెట్టింది.

గడిలో గీత వెలిగింది. ఆరింది.

చెప్పను అన్నాను. నిజంగానే అన్నాను, ఒకసారి.

ప్లేయర్ మూసుకుంది. ఎముక తెగడం చెవులతో కాదు, పళ్లతో విన్నాను. వేలు బల్ల మీద దొర్లి కీబోర్డుకు తగిలి ఆగింది. నెత్తురు పైకి చిమ్మింది. ప్లేయర్ తెరుచుకుని పక్క వేలు మీదికి వచ్చింది. చల్లగా తగిలింది.

హరిలాల్ అన్ని కోతలు ఓర్చుకున్నాడు. నేను ఒక్క వేలు.

"పవన్," అన్నాను. "పవన్. వైరాల ఉంటడు. పవన్."

అడగకపోయినా ఊరు పేరు కూడా చెప్పాను. గడిలో అక్షరాలు వాటంతట అవే పడ్డాయి. నా కుడి చెయ్యి జారి ఒళ్లో పడింది. మళ్లీ నాదైంది.

టీవీలో నా సైనికుడు నడుస్తున్నాడు. నేను నడిపించడం లేదు. ఎప్పుడూ చూడని వీధి, వానలో తడుస్తున్న ఇళ్లు. ఒక ఇంటి ముందు ఆగాడు, అరుగు మీద చిన్న సైకిలు. తలుపు కొట్టాడు. తర్వాత టీవీ నల్లగా అయిపోయి చప్పుడు మాత్రం మిగిలింది. గొడ్డలి చప్పుడు. కట్టె కొట్టేటప్పుడు రాదు ఆ చప్పుడు. పవన్ గొంతు.

"ఒద్దు రా… పిల్ల చూస్తున్నది… ఒద్దు రా…"

చేతికి తువ్వాలు చుట్టుకుని, నెత్తుటి వేళ్లతో వైరా నంబరు కొట్టాను. ఎత్తింది పవనే. కరెంటు రెండున్నరకే పోయింది, నేను అప్పుడే బయటికొచ్చిన గదరా, ఇప్పటిదాంక ఎవరితోని ఆడుతున్నరు మీరు అని నవ్వాడు. మొక్కజొన్న కంకి తింటున్నాడు, గింజలు నమిలే చప్పుడు వినబడుతున్నది. రిజర్వాయర్ నిండిందంట, వచ్చే వారం రండి చూడనీకి పోదాం అన్నాడు. రెండో చెవిలో వాడి మీదే గొడ్డలి పడుతున్నది. ఫోనులో ఉన్నది ఇరవై రెండేళ్ల గొంతు. హెడ్‌సెట్‌లో ఉన్నది అదే గొంతు, కానీ లావుపడిన గొంతు, నడివయసు గొంతు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఆయాసపడుతున్నాడు.

హోస్ట్ నా మీద ఉంది. నా దగ్గర చచ్చాడంటే చచ్చినట్టే. వాడికి తెలియడానికి టైం పడుతుంది.

ఏంది రా, పలుకవేంది అని అడిగాడు పవన్. హరిలాల్ పోయిండు రా అని మాత్రం చెప్పి ఏడ్చాను.

హరిలాల్ మతి చెడి తనను తానే కోసుకున్నాడని పోలీసులు రాసుకున్నారు. నా వేలు, పళ్లు పని దగ్గర పోయాయని అమ్మకు అబద్ధం చెప్పాను. ఆమె నమ్మలేదు, అడగలేదు. పదకొండో రోజు హరిలాల్ ఇంటికి వెళ్లాను. సోమ్లి గడప మీద కూర్చుని ఉంది. నా చేతి కట్టు చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవరి పేరు?" అంది.

నేను తల వంచుకున్నాను. ఆమె లేచి లోపలికి వెళ్లి గొళ్లెం పెట్టుకుంది.

ఇది జరిగి ఏడాది దాటింది. పెట్టె తీసేశాను, ఇంట్లో టీవీ కూడా లేదు. కుడి చెయ్యి మామూలుగానే ఉంది, అన్నం కలుపుతుంది, అతుకులు వేస్తుంది, ప్రార్థనలో రెండో చేతితో కలుస్తుంది. వచ్చే నెల పవన్ పెళ్లి. పెళ్లికూతురు పేరు శారద, నేలకొండపల్లి వాళ్లు. నువ్వు లేకుంటే పీటల మీద కూర్చోనని ఫోను చేశాడు. డ్యూటీ ఉందన్నాను. నేను వైరాకు పోను, ఖమ్మం వెళ్లాలన్నా ఇల్లెందు మీదుగానే వెళ్తాను. వాడు నొచ్చుకున్నాడు. ఏం తప్పు చేసిన్రా నీకు అన్నాడు. నాకు చావాలనిపించింది.

ఒక్క సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. టీవీ నల్లబడ్డాక, మొదటి దెబ్బకు ముందు, తలుపు అవతల చిన్న అడుగులు పరుగెత్తుకొచ్చిన చప్పుడు విన్నాను. నాలుగైదేళ్ల ఆడపిల్ల. సందులోంచి బయటికి చూసి, ఇంట్లోకి తిరిగి పిలిచింది. గొంతులో సంతోషం.

"నాన్నా, బెన్నీ మామ వచ్చిండు. తలుపు తియ్యనా?"